సముద్రం ఒడ్డున ప్లాటు, కుంభారిలో ఇల్లు

ఈ మధ్య మనవాళ్లలో నాలుగు డబ్బులు వెనకేసుకున్న వారికి సముద్రం మీద ప్రేమ పుట్టింది. టవెళ్ల కార్ఖానా నడిపేవారు, బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు, కొడుకు పూనాలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తూ నెలనెలా డబ్బు పంపితే దాచుకునేవారు, పెళ్లిపందిట్లో కలిసినా, మార్కండేయుని గుళ్లో కలిసినా మాట అక్కడికే వస్తున్నది. "భీమిలి దగ్గర ప్లాటు తీసుకుందామనుకుంటున్నాం, మీరేమంటారు?" అని అడుగుతున్నారు. రంగురంగుల కాగితాలు చూపిస్తున్నారు. ఆ కాగితాల మీద నీలపు సముద్రం, కొబ్బరిచెట్లు, తెల్లని మేడ, మేడ ముందు ఊయల. వైశాఖమాసపు ఎండలో, షోలాపూరు గల్లీలో కూర్చొని ఆ బొమ్మ చూస్తే ఎవరి మనసు మాత్రం లాగదు?

ఆ మోజును ఎగతాళి చేయడం మా ఉద్దేశం కాదు. పుట్టినది మొదలు దూదిదుమ్ములో, జర్దాఘాటులో బ్రతికినవారు ముసలితనంలోనైనా మంచిగాలి పీల్చుకోవాలనుకోవడం తప్పెట్లా అవుతుంది? పైగా ఆ సముద్రం ఉన్నది మన భాష మాట్లాడే చోట. కూరగాయల దుకాణం మొదలు కలెక్టరాఫీసు వరకు తెలుగులోనే పని జరుపుకోవచ్చునన్న ఆశ, తరతరాలుగా ఇంట్లో తెలుగూ వీధిలో మరాఠీ మాట్లాడుతూ వచ్చిన మనకు చిన్న ఆశ కాదు. ప్లాట్లు అమ్మవచ్చినవారు చెప్పే కారణాలు కూడ వినసొంపుగానే ఉంటవి. విశాఖపట్నం పెరుగుతున్నదట. భోగాపురం విమానాశ్రయం ఎంతో దూరం లేదట. ఇవాళ గజం ఇంత అయితే అయిదేళ్లకు రెట్టింపట. బంగారాన్ని దొంగలెత్తుకుపోతారు గాని భూమిని ఎవరెత్తుకుపోతారు అంటారు. అన్నీ విన్నాక మాకు తోచిన ప్రశ్న ఒక్కటే. ఈ కారణాలు నిజమే కావచ్చు. కాని ఇవి మన కారణాలేనా? మనిషి ఒక ఊరికి ఎందుకు తరలిపోవాలి, చేతిలోని డబ్బు ఎక్కడ పెట్టాలి అనే సంగతి మనకు కొత్తది కాదు. మన వంశాల చరిత్రంతా తరలిరావడమే గదా.

మన తాతలు షోలాపూరికి వచ్చినప్పుడు ఎవరూ వారికి రంగుకాగితం చూపించలేదు. వారు గాలి చూచి రాలేదు. నీళ్లు చూచి అసలే రాలేదు. 1860లో ఇక్కడికి రైలు వచ్చింది. 1877లో మొదటి నూలుమిల్లు నడవసాగింది. మనం జూనీమిల్లు అని పిలుచుకున్నది దానినే. తెలంగాణా పల్లెల్లో మగ్గం మీద బ్రతుకు గడవని పద్మశాలీలు కరువుకూ అప్పుకూ జడిసి, మూటాముల్లె కట్టుకొని ఈ వైపు నడిచారు. ఇక్కడ నూలు ఉన్నది, మిల్లులో కూలి ఉన్నది, మగ్గం వేసుకోవడానికి జాగా దొరికింది. ముందు వచ్చినవాడు వెనకవాడికి కబురంపాడు. బావమరిది వచ్చాడు, వాని వెనక వాని తోడల్లుడు వచ్చాడు. అట్లా సాఖర్‌పేట, దాజీపేట, పచ్చాపేట మన ఇళ్లతో నిండినవి. మనవాళ్లను ఇక్కడికి తెచ్చినది పని. ఇక్కడ నిలిపినది పక్కింటి మనిషి. ఈ రెండూ చూచుకొని వచ్చినవారు గనుకనే మన పెద్దలు ఈ ఊళ్లో వేరు పట్టారు.

ఆ పని పోయినప్పుడేమైందో కూడ మనకు తెలియనిది కాదు. జూనీమిల్లు 1963లో మూతపడింది. వేలమంది కూలి పోయింది. అయినా మన పేటలు పాడుపడలేదు. ఎందుకంటే చాదర్లు, టవెళ్లు నేసే సాంచాలు గల్లీగల్లీకి వచ్చినవి. ఆడవాళ్ల ఒడిలో బీడీల చాట ఉన్నది. మగవాని కూలి ఆగిన వారంలో ఆడమనిషి చుట్టిన బీడీలతో పొయ్యి వెలిగిన ఇళ్లు మన పేటల్లో లెక్కలేనన్ని. ఒక కాలు విరిగితే ఇంకొక కాలు మోసింది. ఒకే ఆధారం మీద నిలిచిన ఊరికైతే ఆ అదృష్టం ఉండదు.

ఆ మాటకు ఉదాహరణ మనవాళ్లు మోజుపడుతున్న భీమిలిలోనే దొరుకుతుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఆ భీమునిపట్నం సామాన్యమైన ఊరు కాదు. 17వ శతాబ్దంలో డచ్చివారు అక్కడ దిగి వర్తకం చేశారు. వారి సమాధులు నేటికీ అక్కడ ఉన్నవి. 1861లోనే దానికి పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలోని మిక్కిలి పాత పురపాలక సంఘాల్లో అది ఒకటి. రేవు ఉన్నన్నాళ్లు ఊరు వెలిగింది. పక్కనే విశాఖపట్నంలో 1933లో పెద్ద హార్బరు తెరిచాక ఓడలూ సరుకూ అటు మళ్లినవి. భీమిలి రేవు వెలవెలబోయింది. ఇప్పుడు ఆ ఊరు విశాఖ మహానగరంలో కలిసిపోయింది. చూడముచ్చటైన ఊరే, కాదనము. కాని ఒకప్పుడు అక్కడ డబ్బు పెట్టినవారందరూ "రేవు ఎక్కడికి పోతుంది?" అనే అనుకొని ఉంటారు. ఈనాడు "విమానాశ్రయం ఎక్కడికి పోతుంది?" అనుకోవడమూ ఆ వరుసలోనిదే.

రంగుకాగితం చెప్పని సంగతులు ఇంకా కొన్ని ఉన్నవి. అలల పక్కనే మేడ కట్టినట్లు బొమ్మ వేస్తారు గాని, సముద్రం ఒడ్డున ఎవరికి తోచినట్లు వారు కట్టుకోవడానికి వీలు లేదు. తీరప్రాంతాన్ని కాపాడే నిబంధనలు 1991లో మొదటిసారి వచ్చినవి. 2011లోను, 2019లోను వాటిని మార్చి రాశారు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు తాకే గీత నుంచి 500 మీటర్ల వరకు ఆ నిబంధనలు చెల్లుతవి. పల్లెపట్టు తీరంలో ఆ గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త ఇల్లు కట్టరాదు; జనం బాగా చిక్కగా ఉన్న పల్లెలకు మాత్రం 2019లో దానిని 50 మీటర్లకు తగ్గించారు. కాబట్టి బొమ్మలో అల ఎంత దగ్గరగా ఉంటే అంత జాగ్రత్తపడాలి. ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పుపడతవి. పెచ్చులూడిన చోట స్లాబులోని ఇనుము కూడ తుప్పుపడుతుంది. ఎవరూ కాపురముండని ఇంటికి అది మరీ చేటు. గాలివాన సంగతి చెప్పనే అక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. ఆ ఊరివారు తేరుకున్నారు. ఎందుకంటే వారు అక్కడ ఉన్నారు. వందల కోసుల దూరంలో ఉండి, ఏడాదికొకసారి పోయి హద్దురాళ్లు చూచుకొని వచ్చేవాడు ఎట్లా తేరుకుంటాడు?

ఇదంతా వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. మాకు తెలిసిన ఒక ఇంట్లో కొడుకు ఈ సముద్రపు ప్లాటు మీద మనసుపడ్డాడు. మంచి పిల్లవాడే, తాగుడూ జూదమూ ఎరగడు. డబ్బు చాలలేదు. కుంభారిలో తల్లి పేర ఒక ఇల్లు ఉన్నది. దానిని ఎవరికైనా ఇచ్చివేసి ఆ డబ్బు కలుపుదామన్నాడు. ఆ తల్లి ముప్పై ఏళ్లు బీడీలు చుట్టి వాయిదాలు కట్టిన ఇల్లు అది. కొడుకు కాగితం పరిచి సముద్రం చూపించి, "అవ్వా, నువ్వు గక్కడ హాయిగ కూర్సోవచ్చు" అన్నాడు. ఆమె బొమ్మను చాలాసేపు చూచింది. "మంచిగున్నది బిడ్డా" అన్నది. తరువాత, "గా ఊర్ల బీడీల కార్ఖాన ఉన్నదా?" అని అడిగింది.

కొడుకు నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమె అడిగినది బీడీల కార్ఖానా గురించే కాదని మేమనుకుంటాము. తన చేతికి పని ఎక్కడ, తన పేరు పిలిచే మనిషి ఎక్కడ, రాత్రి జ్వరమొస్తే తలుపు తట్టడానికి ఎవరింటికి పోవాలి, ఇదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నది. ప్లాట్లమ్మే ఏ కాగితంలోనూ దానికి జవాబు మాకు కనబడలేదు.

కుంభారి సంగతి తెలియని తెలుగు ఇల్లు షోలాపూరులో ఉండదు గాని, దూరపు ఊళ్లలో ఉన్న మన చందాదారుల కోసం చెబుతున్నాము. అక్కలకోట రోడ్డు మీద, ఊరు దాటి పోతే వస్తుంది. ఒకప్పుడు జొన్నచేలు. 2006లో బీడీ కార్మికుల సహకార సంఘం అక్కడ కట్టిన 10,000 ఇళ్లను అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారి చేతుల మీదుగా కార్మికులకు అప్పగించారు. ఆ వాడకు గోదూతాయి పరుళేకర్ పేరు పెట్టారు. ఆమె ఠాణా జిల్లాలో వార్లీ గిరిజనుల వెట్టిచాకిరీ మాన్పించడానికి పోరాడిన మనిషి. 1907లో పుట్టి 1996లో కన్నుమూసింది. ఆ ఇళ్ల కోసం ఏళ్ల తరబడి మోర్చాలు నడిపి, ఢిల్లీ దాకా తిరిగినవారిలో ముందున్న పేరు మన పద్మశాలీ బిడ్డ, మాజీ శాసనసభ్యుడు నర్సయ్య ఆడం గారిది. ఆయన రాజకీయం నచ్చినవారూ నచ్చనివారూ మనలో ఉన్నారు. ఇళ్ల సంగతి వచ్చేసరికి ఇద్దరూ ఆడం మాస్టర్ అనే అంటారు.

దాని తరువాతిది రేనగర్. బీడీ ఆడవాళ్లకే గాక సాంచాల కూలీలకు, చేనేతవారికి, బండ్ల మీద అమ్ముకునేవారికి, చిత్తుకాగితాలు ఏరుకునేవారికి, డ్రైవర్లకు కలిపి 30,000 ఇళ్ల పథకం. 2019 జనవరి 9న ప్రధాని నరేంద్ర మోదీ గారు శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న మొదటి 15,000 ఇళ్లను వారే వచ్చి అప్పగించారు. శంకుస్థాపననాటి లెక్క ప్రకారం మొత్తం ఖర్చు 1,811 కోట్లు. అందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సాయం 750 కోట్లు, అంటే ఇంటికి రెండున్నర లక్షలు. తక్కినది 30,000 ఇళ్ల మీద పంచితే ఇంటికి సుమారు మూడున్నర లక్షలవుతుంది. మూడున్నర లక్షలు మనలో కొందరికి ఒక పెళ్లి భోజనాల ఖర్చు. బీడీలు చుట్టే ఆడమనిషికి ఒక జీవితం.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పదలచుకున్నాము. ఈ ప్రధానమంత్రి ఆవాస యోజన కింద పేదలకిచ్చే ఇల్లు ఇంటి ఆడమనిషి పేరనో, భార్యాభర్తలిద్దరి పేరనో ఉండాలని నియమం. మన పాత పేటల్లో ఏ గది అద్దె రసీదు మీదనైనా ఆడమనిషి పేరు ఉండేదా? మామగారి పేరు, ఆయన పోతే మగని పేరు, మగడు పోతే కొడుకు పేరు. పదడుగుల గదిలో సాంచె ఒక పక్క, పొయ్యి ఒక పక్క, ఆ మధ్య చాపమీద నలుగురు పిల్లల్ని కని పెంచిన ఆమె పేరు రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు. కుంభారిలో ఆమె పేరు ఇంటి కాగితం మీదికి ఎక్కింది. ఆ సంతకాన్ని సముద్రపు గాలికి మార్పిడి చేయమనడం ఎంత పెద్ద మాటో ఆ కొడుకుకు తెలియదు. తెలియజెప్పవలసినది మనం.

కుంభారిలో అంతా బాగున్నదని మేము చెప్పము. అది మరొక రంగుకాగితం అవుతుంది. ఇల్లు చిన్నది; కొడుకుకు పెళ్లయితే ముసలివారికి పడుకోను చోటు చాలదు. తునికాకు, జర్దా తెచ్చుకోవడానికీ, చుట్టిన బీడీలు అప్పగించడానికీ పాత పేటల్లోని కార్ఖానాకు పోవలసినవారికి రానుపోను బస్సుకో ఆటోకో కూలిలో కొంత పోతుంది; అంతకంటె విలువైన పూట పోతుంది. తెల్లవారుజామున సాంచె మీదికి పోవలసిన మగవాడికి సైకిలో మోటారుసైకిలో తప్పదు. నీళ్ల సంగతి షోలాపూరుదే, కుంభారిదే. ఉజనీ ఆనకట్ట నుంచి గొట్టాల్లో రావలసిన నీళ్ల కోసం డ్రమ్ములు నింపుకొని రోజులు లెక్కపెట్టడం మనకు అలవాటైన విద్య. పాత పేటల్లో పక్కింటి వదిన పిల్లవాణ్ణి చూచుకునేది. కొత్త వాడలో పక్కింటివారెవరో తెలుసుకునేసరికి ఏడాది పడుతుంది. ఈ కష్టాలు భరించలేక ఇంటికి తాళం వేసి మళ్లీ పేటలో అద్దెకు వచ్చినవారున్నారు. వారిని తప్పుపట్టలేము.

అయితే మంచి కూడ కొంత చెప్పుకోవాలి. అక్కలకోట రోడ్డు ఎం.ఐ.డి.సి., మన టవెళ్ల కార్ఖానాలు ఉన్నచోటు, ఆ దారిలోనే ఉన్నది. కుంభారిలోనే అశ్వినీ గ్రామీణ వైద్యకళాశాల, దాని ఆసుపత్రి ఉన్నవి. సముద్రపు ప్లాటు దగ్గర రాత్రి పన్నెండు గంటలకు ఆసుపత్రి ఎంత దూరమో కొనేవారిలో ఎందరు అడిగారు?

ఇప్పుడు డబ్బు పెట్టే సంగతికి వద్దాము. ఊరుగాని ఊళ్లో ప్లాటు కొన్నవాడు ఏమని కొంటాడు? రేపు ఇక్కడికి జనం వస్తారు, వస్తే ధర పెరుగుతుంది అని. కుంభారికి జనం ఇదివరకే వచ్చారు. 2006 నాటి పదివేల ఇళ్లు, రేనగర్ ముప్పైవేల ఇళ్లు పూర్తయి నిండితే నలభై వేల కాపురాలు. ఇంటికి నలుగురిని లెక్కవేసినా లక్షా అరవై వేలమంది. ఇంత జనం ఉన్నచోట పిండి గిర్నీ కావాలి, మందుల దుకాణం కావాలి, దర్జీ కావాలి, చిన్న పిల్లలను పగలు చూచుకునే చోటు కావాలి, పదోతరగతి పిల్లలకు ట్యూషన్ కావాలి. టవెళ్ల అంచు కుట్టడం, మడత పెట్టడం, ప్యాకింగ్ చేయడం వంటి పనులు కార్ఖానాదారులు ఒక షెడ్డు వేసి అక్కడికి తీసుకుపోతే, బస్సు ఛార్జీ మిగిలి ఆడవాళ్లు పరుగున వస్తారు. అందులో లాభం కూడ ఉన్నది. దానం చేయమని మేము అడగడం లేదు. మన తాతల కాలంలో మిల్లు ముందు వచ్చింది, జనం వెనక వచ్చారు. కుంభారిలో జనం ముందు వచ్చారు, పని వెనకబడింది. ఆ లోటు తీర్చగలిగినవారు మనలోనే ఉన్నారు. ఆ డబ్బే ఇప్పుడు సముద్రం వైపు చూస్తున్నది.

బీడీ పని రోజురోజుకు తగ్గుతున్నదని అందరికీ తెలిసినదే. తగ్గవలసినదే కూడాను, ఆ జర్దా పొడి మధ్య మనవరాళ్లు కూర్చోవాలని ఏ అవ్వ కోరుకుంటుంది? కాని జూనీమిల్లు మూసిననాడు మన పేటలను మోసిన రెండోకాలు ఒకటి ఉన్నది. కుంభారికి అట్లాంటి రెండోకాలు ఇంకా రాలేదు. అది రాకముందే బీడీ ఆగిపోతే ఆ నలభై వేల గుమ్మాల గతి ఏమిటి? ఇళ్లు ఇప్పించడానికి ఒక తరం పోరాడింది. ఆ ఇళ్లలో పొయ్యి ఆరకుండా చూచే పని తరువాతి తరానిది.

ఇంత చెప్పినా సముద్రం ఒడ్డునే కొనదలచినవారు కొననీ. వారి డబ్బు, వారి ఇష్టం. కొనేముందు మాత్రం కొన్ని పనులు మరవవద్దు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం కింద ఆ లేఅవుటు రిజిస్టరు అయినదా అని చూడాలి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషను నిషేధమున్న 22-ఏ జాబితాలో ఉన్నదేమో సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో విచారించాలి. తీరం నిబంధనల గీత ప్లాటుకు ఇవతల ఉన్నదా అవతల ఉన్నదా అడగాలి. ఈ మూడింటికీ కాగితం మీద జవాబు దొరికిన తరువాతనే బయానా ఇవ్వాలి. అప్పుచేసి కొనవద్దు. అన్నిటికంటె ముఖ్యం, ఇంటి ఆడమనిషి పేర ఉన్న గూడు అమ్మి కొనవద్దు.

పైన చెప్పిన ఇంట్లో మాట ఇంకా తెగలేదు. కొడుకు కాగితం అల్మారాలో పెట్టుకున్నాడు. తల్లి సంతకం పెట్టలేదు. ఈలోగా సముద్రం చూడాలన్న కోరిక ఆమెకూ కలిగిందట. అందులో కష్టమేమున్నది? కోణార్క్ ఎక్స్‌ప్రెస్ షోలాపూరు మీదుగానే విశాఖపట్నం పోతుంది. ఆమెను తీసుకుపోయి, నాలుగు రోజులు అలలు చూపించి, సింహాద్రి అప్పన్న దర్శనం చేయించి, తీసుకురావచ్చును. అందుకు రైలుటిక్కెట్టు చాలు, ఇల్లు అమ్మనక్కరలేదు.